మచ్చిక వేరు, పెంపకం వేరు: ‘ఫార్ క్రై ప్రైమల్’ క్రీడలో ఆదిమ మానవుడు

అక్షరం పుట్టకముందు మానవుడు గడిపిన సుదీర్ఘ జీవితం రాతి పనిముట్లలోను, ఎముకలలోను, బూడిద పొరలలోను, గుహల గోడలపై మిగిలిన రంగులలోను మాత్రమే తన ఆనవాళ్లను వదిలింది. ఆ ఆనవాళ్లను చదవడం పురావస్తు శాస్త్రజ్ఞుని పని. వాటికి ప్రాణం పోసి కళ్లముందు నిలపడం కళాకారుని పని. చిత్రకళ, నవల, చలనచిత్రం ఈ పనికి ఏనాడో పూనుకున్నాయి. ఇటీవలి దశాబ్దాలలో ఆ వరుసలో వీడియో గేమ్ కూడా చేరింది. ఇది కేవలం పిల్లల కాలక్షేపమని తోసిపుచ్చడానికి వీలులేదు. ప్రాచీన చరిత్రపై ఒక్క గ్రంథమైనా తెరవని లక్షలాది యువకులకు ఆదిమ మానవుని తొలి పరిచయం ఈ తెరమీదనే జరుగుతున్నది. అందువల్ల ఆ తెర ఏమి చెబుతున్నదో పరిశీలించడం చరిత్రపై ఆసక్తి గలవారి బాధ్యత అవుతుంది.

ఈ కోవలో ప్రత్యేకంగా పేర్కొనదగినది ‘ఫార్ క్రై ప్రైమల్’. ఫ్రాన్సుకు చెందిన యూబీసాఫ్ట్ సంస్థ కెనడాలోని తన మాంట్రియల్ శాఖలో ప్రధానంగా రూపొందించి, 2016 ఫిబ్రవరిలో విడుదల చేసిన క్రీడ ఇది. కథాకాలం క్రీ.పూ. 10,000. స్థలం మధ్య యూరప్‌లో ఊహించిన ‘ఓరోస్’ అనే లోయ. ఆట మొదలయ్యేటప్పుడు సంవత్సరాల అంకెలు వర్తమానం నుంచి వెనుకకు దొర్లుతాయి. తెర తెరుచుకునేసరికి కొందరు వేటగాళ్లు మామత్ ఏనుగుల గుంపును పొంచి చూస్తుంటారు. వేట ముగియకముందే కత్తికోరల పులి దాడి చేస్తుంది. ప్రాణాలతో బయటపడిన తక్కర్ అనే యువకుడు ఒంటరిగా ఓరోస్ లోయ చేరి, చెల్లాచెదురైన తన ‘వెంజా’ తెగను తిరిగి కూడగట్టడం ఇందలి ఇతివృత్తం. అతనికి ఎదురుపడేవి రెండు తెగలు. ఉత్తరాన మంచుకొండలలో నరమాంసం తినే ‘ఉదామ్’లు, దక్షిణాన నిప్పును, సూర్యుని కొలిచే ‘ఇజిలా’లు. ఆటగాడు ముందుగా గీసిన దారిలోనే నడవవలసిన పని లేదు. అడవి, నది, చిత్తడినేల, మంచుమైదానం అన్నీ అతనికి తెరిచే ఉంటాయి.

బ్రతుకుతెరువు విషయంలో ఈ క్రీడ చూపిన శ్రద్ధను ముందుగా ఒప్పుకొనవలసి ఉన్నది. ఇందులో తుపాకి లేదు, వాహనం లేదు, అంగడి లేదు. బాణం కావాలంటే కర్ర ఏరాలి, రాయి ఏరాలి. సంచి పెద్దది కావాలంటే తోలు కావాలి, తోలుకు వేట కావాలి. గాయం మానాలంటే ఆకో మాంసమో చేతిలో ఉండాలి. దుడ్డుకర్ర కొనకు నిప్పంటించడానికి జంతువుల కొవ్వు ఖర్చవుతుంది. పగటికంటె రాత్రి ప్రమాదకరం, నిప్పును చూసి మృగం వెనుకాడుతుంది, ఉత్తరపు మంచులో చలి ప్రాణాలకే ముప్పు. తెగలోకి ఒక్కొక్క మనిషి వచ్చి చేరినకొద్దీ గుడిసెలు లేస్తాయి, కొత్త పనితనం అందుబాటులోకి వస్తుంది. ఒంటరివాడు బ్రతకలేడు, గుంపే బ్రతుకు అనే సత్యాన్ని ఉపన్యాసం లేకుండా ఆటలోని ఏర్పాటు ద్వారానే బోధపరచడం మెచ్చుకోదగినది. విడుదలైన కొద్ది వారాలకే, 2016 ఏప్రిల్‌లో, శరీరపు అలసటను కూడా లెక్కలోకి తీసుకునే మరింత కఠినమైన విధానాన్ని నిర్మాతలు జోడించారు. బ్రతకడం కష్టమని ఆటగాడికి తెలియాలన్న తపన వారికి ఉన్నదనడానికి ఇదొక నిదర్శనం.

అంతకంటె పెద్ద సాహసం భాష విషయంలో కనిపిస్తుంది. క్రీడలోని పాత్రలలో ఏ ఒక్కటీ నేటి భాషలలో దేనినీ మాట్లాడదు. అమెరికాలోని కెంటకీ విశ్వవిద్యాలయానికి చెందిన భాషాశాస్త్రవేత్తలు ఆండ్రూ బర్డ్, బ్రెన్నా బర్డ్‌ల నాయకత్వంలో, తులనాత్మక పద్ధతిలో పండితులు పునర్నిర్మించిన మూల ఇండో-యూరోపియన్ భాష ఆధారంగా మూడు తెగలకు మూడు మాటతీరులను కల్పించారు. నటులు వాటిని నేర్చుకొని పలికారు. ఆటగాడు అర్థాన్ని తెర అడుగున చదువుకోవలసిందే. మూల భాష కాలాన్ని పండితులు సాధారణంగా క్రీ.పూ. అయిదు నాలుగు సహస్రాబ్దుల ప్రాంతంలో ఉంచుతారు కనుక, దానికి వేల ఏళ్ల ముందటి మాటతీరు ఊహాకల్పనే. అయినా ఒక వాణిజ్య క్రీడ ఇంతటి ఓర్పుతో భాషను నిర్మించుకోవడం అరుదు. ద్రావిడ భాష అయిన తెలుగు ఆ కుటుంబానికి చెందకపోయినా, సంస్కృతం ద్వారా ఆ మూలధాతువులు కొన్ని తెలుగు నోట నేటికీ నలుగుతూనే ఉన్నాయి. కనుక తెలుగు ఆటగాడికి ఆ ధ్వనులు పూర్తిగా పరాయివిగా తోచకపోవచ్చు.

ఇక ఈ క్రీడకు ప్రధానాకర్షణ మృగాలను మచ్చిక చేయడం. టెన్సే అనే మంత్రగాడు ఇచ్చిన పానీయం త్రాగి తక్కర్ ఒక దర్శనం పొందుతాడు. గుడ్లగూబ అతనికి తోడు వస్తుంది. పిమ్మట ఒక తెల్ల తోడేలు వశమవుతుంది. అక్కడినుంచి రేచుకుక్క, చిరుత, జాగ్వార్, గుహసింహం, ఎలుగుబంటి, చివరకు కత్తికోరల పులి వరకు వరుసగా అతని ఆధీనంలోకి వస్తాయి. పద్ధతి అన్నింటికీ ఒక్కటే. మాంసపు ఎర విసరాలి. మృగం దానిని తినడంలో లీనమై ఉండగా మెల్లగా దగ్గరకు వెళ్లాలి. మీట నొక్కి పట్టుకోవాలి. కొన్ని క్షణాలలో మృగం అతనిది. ఆపై పిలిచినచోటికి వస్తుంది, చూపినవానిపై దూకుతుంది. గాయపడితే మాంసం పెడితే చాలు. చనిపోతే కొన్ని ఎర్ర ఆకులు ఖర్చుపెట్టి తిరిగి బ్రతికించుకోవచ్చు. ఒక మృగంతో పని లేనప్పుడు అది తెర వెనుకకు పోతుంది. ఎక్కడ ఉంటుందో, ఏమి తింటుందో ఆటగాడికి అక్కరలేదు.

విమర్శకు తావిచ్చే చోటు ఇదే. బాణపు ములుకుకు, తోలు సంచికి, గుడిసెకు శ్రమను లెక్కగట్టిన క్రీడ, ప్రాణంతో ప్రాణం ముడిపడే ఘట్టానికి వచ్చేసరికి శ్రమనూ కాలాన్నీ రెండింటినీ రద్దు చేసింది. తెలుగులో ‘మచ్చిక చేయడం’ వేరు, ‘పెంచడం’ వేరు. మచ్చిక ఒక జంతువుతో జరిగేది. దాని భయాన్ని పోగొట్టి మాట వినేటట్లు చేయడంతో అది ముగుస్తుంది. పెంపకం తరాలతో జరిగేది. అందులో ఈనడం ఉన్నది, పిల్లను సాకడం ఉన్నది, రోగానికి ఉపచారం ఉన్నది, ముసలితనం ఉన్నది. శాస్త్రజ్ఞులు కూడా ఈ భేదాన్ని పాటిస్తారు. 1959లో సోవియట్ శాస్త్రవేత్త ద్మిత్రి బెల్యాయెవ్ సైబీరియాలోని నవోసిబిర్స్క్‌లో వెండినక్కలపై ప్రారంభించిన ప్రయోగం సుప్రసిద్ధం. మనిషిని చూసి బెదరని నక్కలనే ఏరి జతకట్టించగా, కొద్ది తరాలలోనే తోక ఊపుతూ చేతులు నాకే పిల్లలు పుట్టాయి. ఒక్క నక్కను బుజ్జగించడం వల్ల కలిగిన ఫలితం కాదది. ఏటేటా ఓపికగా చేసిన ఎంపిక ఫలితం.

క్రీడలో మందలు లేకపోవడాన్ని తప్పుపట్టడానికి వీలులేదు. క్రీ.పూ. 10,000 నాటి యూరప్‌లో గొర్రెల మందలు, ఆవుల మందలు లేవు. మేకను మందగా పెంచిన తొలి సాక్ష్యాలు ఇరాన్‌లోని జాగ్రోస్ పర్వతప్రాంతంలో క్రీ.పూ. 8000 ప్రాంతంలో కనిపిస్తాయి. కాని కుక్క మాట అట్లా కాదు. అప్పటికే కుక్క మానవుని ఇంట ఉన్నది. 1914లో జర్మనీలోని బాన్ నగరం చెంత ఓబర్‌కాసెల్ వద్ద రాళ్లు తీసే పనివారికి ఒక పురుషుని, ఒక స్త్రీని పాతిపెట్టిన సమాధి బయటపడింది. వారితోపాటు ఒక కుక్కపిల్ల ఎముకలు లభించాయి. దాని వయస్సు సుమారు ఏడు నెలలు. కాలం నేటికి పధ్నాలుగు వేల ఏళ్లకు పైమాటే, అనగా తక్కర్ కథకు దాదాపు రెండు వేల ఏళ్ల ముందు. 2018లో ప్రచురితమైన ఒక పరిశోధన దాని దంతాలను పరీక్షించి, ఆ కుక్కపిల్లకు డిస్టెంపర్ అనే ప్రాణాంతక వ్యాధి సోకిందని, మనుషులు వారాల తరబడి దగ్గరుండి సాకి ఉండకపోతే అది అన్నాళ్లు బ్రతికి ఉండేది కాదని నిర్ధారించింది. జబ్బుపడ్డ కూన వేటకు పనికిరాదు, కాపలాకు పనికిరాదు. అయినా ఎవరో దానికి నీరు పట్టారు, శుభ్రం చేశారు, వెచ్చగా ఉంచారు. చివరకు మనుషుల సరసనే పాతిపెట్టారు.

ఓరోస్ లోయలో తక్కర్ వెంట నడిచే తోడేలుకు జబ్బు చేయదు. దానికి కూనలు లేవు. అది ముసలిదీ కాదు. అది ఆయుధాలలో ఒక ఆయుధం. విల్లు విరిగితే మరొక విల్లు చేసుకున్నట్లే, మృగం చనిపోతే ఆకులు చెల్లించి తెచ్చుకోవడమే. తోడేలు తలను నిమిరే అవకాశాన్ని క్రీడ కల్పించిన మాట నిజం. ఆ చిన్న చేష్ట ఆటగాళ్లకు ఎంతో ఇష్టమైనది కూడా. కాని నిమిరినా నిమరకపోయినా తోడేలు తీరు మారదు. ప్రేమకు ఫలమూ లేదు, నిర్లక్ష్యానికి శిక్షా లేదు.

పూర్తిగా ఎదిగిన అడవి మృగాన్ని పట్టి వశం చేసుకునే విద్య చరిత్రలో లేదని దీని అర్థం కాదు. ఆ విద్యకు భారతదేశమే ప్రధాన రంగస్థలం. ఏనుగును ఎక్కడ ఏ వయస్సులో పట్టాలో కౌటిల్యుని అర్థశాస్త్రం వివరిస్తుంది. వేసవిలో పట్టాలని, ఇరవై ఏళ్ల వయస్సుదానిని ఎన్నుకోవాలని, పిల్లను, వ్యాధిగ్రస్తమైనదానిని, చూలు ఏనుగును, పాలిచ్చేదానిని పట్టరాదని అది శాసించింది. ఏనుగుల వనంలో ఏనుగును చంపినవానికి మరణదండన విధించింది. అడవినుంచి తీసుకొనే రాజ్యం అడవిని కాపాడకతప్పదన్న గ్రహింపు ఆ నియమాల వెనుక ఉన్నది. ఏనుగు మానవునికి ఎంత సేవచేసినా, ఆవు వలె, కుక్క వలె పెంపుడు జాతిగా మారలేదు. ప్రతి తరానికీ అడవివైపు చేయి చాచవలసి వచ్చింది.

ఈ చేయి చాచడం హద్దు మీరితే ఏమవుతుందో చీతా చరిత్ర తెలుపుతుంది. మొగలు చక్రవర్తి అక్బరు వేటకు వందలాది చీతాలను పోషించాడు. వాటిని పట్టే పద్ధతులు, శిక్షణ, తిండి, కాపరుల జీతాలు ఐన్-ఇ-అక్బరీలో విపులంగా ఉన్నాయి. నెలల తరబడి సాగే శిక్షణను చక్రవర్తి పద్దెనిమిది రోజులకు కుదించాడని కూడా అందులో కీర్తించబడింది. కాని ఆనాడు బంధనంలో చీతా పిల్లలు పెట్టడం అత్యంత అరుదు. ఒకసారి అట్లా పిల్లలు పుట్టడాన్ని జహంగీరు తన స్మృతులలో అపూర్వమైన వింతగా నమోదు చేశాడు. కనుక దర్బారులకు కావలసిన ప్రతి చీతా అడవినుంచే రావలసి వచ్చింది. ఈ పట్టివేతలకు వేట, గడ్డిమైదానాల క్షీణత తోడయ్యాయి. 1947లో కొరియా సంస్థానంలో మూడు చీతాలు తుపాకికి బలి అయ్యాయి. 1952లో ఈ దేశంలో చీతా అంతరించిందని ప్రకటించారు. 2022 సెప్టెంబరు 17న నమీబియా నుంచి ఎనిమిది చీతాలను తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కూనో జాతీయోద్యానంలో విడిచిపెట్టడం ఆ పాత ఋణానికి చెల్లించిన తొలి వాయిదా వంటిది. పెంపకం లేని మచ్చిక అడవి దగ్గర చేసే అప్పు. ఓరోస్ లోయలో ఆ అప్పుకు లెక్క లేదు. ఎన్ని మృగాలను చంపినా, ఎన్నింటిని వశపరచుకున్నా లోయ మళ్లీ నిండుతుంది.

మచ్చిక పెంపకంగా మారినప్పుడు మిగిలే గుర్తులు ఎట్లా ఉంటాయో తెలంగాణ నేలలో ఒక సాక్ష్యం ఉన్నది. దక్కనులో, ప్రత్యేకించి కృష్ణా తుంగభద్రల పరిసరాలలో, పెద్ద పెద్ద బూడిద దిబ్బలు కనిపిస్తాయి. అవి ఏమిటన్నది చాలాకాలం వివాదాంశంగా ఉండేది. 1957లో బ్రిటిష్ పురావస్తువేత్త ఎఫ్.ఆర్. ఆల్చిన్ పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరు దిబ్బను తవ్వించాడు. నవీనశిలాయుగపు ప్రజలు పశువులను కట్టడి చేసిన దొడ్డి అది. గుంజలు పాతి కంచె కట్టిన ఆనవాళ్లు, అనేక పర్యాయాలు కాలిన పేడ పొరలు, వాటి నడుమ పశువుల గిట్టల ముద్రలు అందులో బయల్పడ్డాయి. వాటి కాలం క్రీ.పూ. మూడవ సహస్రాబ్ది. అక్కడ వీరుని గాథ ఏదీ లేదు. దొడ్డిలోనికి సాయంత్రం తోలి, ఉదయం విడిచిన అసంఖ్యాక దినాల మూగసాక్ష్యం మాత్రమే ఉన్నది. ‘పాడిపంటలు’ అనే జంటపదం తెలుగు జీవితంలో సౌభాగ్యానికి పర్యాయపదం కావడానికి పునాది ఆ గిట్టల ముద్రలలోనే వెదకాలి.

క్రీడ ఎరువు తెచ్చుకున్న భాష కూడా ఈ మాటనే చెబుతుంది. కుక్కకు సంస్కృతంలో ‘శ్వన్’, గ్రీకులో ‘క్యూఓన్’, లాటిన్‌లో ‘కానిస్’ అనే మాటలు ఒకే ధాతువునుంచి పుట్టాయని పండితుల నిర్ణయం. ‘గో’ శబ్దానికీ, గొర్రెను తెలిపే ‘అవి’ శబ్దానికీ కూడా ఆ మూలభాషలో రూపాలు ఉన్నాయి. సంస్కృత ‘పశు’వుకు తోబుట్టువైన లాటిన్ ‘పెకు’ నుంచే ధనాన్ని తెలిపే ‘పెకూనియా’ పుట్టింది. పశువే సంపద అయిన సమాజపు భాష అది. మందలు మేపినవారి మాటలను, మంద అంటే ఎరుగని పాత్రల నోట పలికించిన నిర్మాతలు, ఆ మాటలలో దాగిన అనుభవాన్ని మాత్రం గమనించలేదు.

ఇది ఆట గదా, ఆటకు వేగం కావాలి గదా అని ఆక్షేపించవచ్చు. ఒక తోడేలు కూనను సాకడానికి ఆటగాడు నెలలు వేచి ఉండాలని ఎవరూ కోరరు. కాని ఇదే క్రీడ గ్రామాన్ని ఒక్కొక్క గుడిసెగా, తెగను ఒక్కొక్క మనిషిగా పెంచినప్పుడు ఆటగాడు విసుగు చెందలేదు. పైగా ఆ నిదానమే అతనికి తృప్తినిచ్చింది. గ్రామపు పొయ్యి ప్రక్కన ఒక్క కూన ఆట సాగినకొద్దీ ఎదుగుతూ కనిపించినా, చనిపోయిన మృగం తిరిగిరాకపోయినా, ఎర వేసే చేయి మరింత జాగ్రత్తపడేది. కాలాన్ని కుదించడం కళకు తప్పనిసరి. కాలమే లేనట్లు చూపడం మాత్రం తప్పనిసరి కాదు.

విశేషమేమంటే, పెంపకం అనే భావం ఈ క్రీడకు పూర్తిగా అపరిచితం కాదు. ఉదామ్ నాయకుడైన ఊల్ ఓడి ప్రాణం విడిచే ముందు తన సంతానాన్ని శత్రువైన తక్కర్‌కే అప్పగిస్తాడు. అంతవరకు గెలుపులు మాత్రమే లెక్కించిన కథ, ఆ క్షణంలో ఒక కొత్త ప్రశ్నను ముందుంచుతుంది. గెలిచినవాడు ఇక ఎవరిని సాకాలి? మొత్తం క్రీడలో మనస్సును తాకే ఘట్టాలలో అది ఒకటి. అదే ప్రశ్న తక్కర్ తెల్ల తోడేలు విషయంలో కూడా అడిగి ఉంటే, ‘ఫార్ క్రై ప్రైమల్’ చలిని, ఆకలిని చూపినంత నిజాయితీగా మానవ మృగ సంబంధాన్ని కూడా చూపి ఉండేది.

ఆదిమ మానవుడు మృగాలపై ప్రభువుగా పుట్టాడన్న నమ్మకంతో ఆట ముగించే యువకునికి ఓబర్‌కాసెల్ సమాధిని గురించి చెప్పవలసినవారు ఉపాధ్యాయులు, వస్తుప్రదర్శనశాలలు, చరిత్రకారులు. ఓరోస్ లోయ అతనిలో రేపిన కుతూహలం అమూల్యమైనది, దానిని చులకన చేయరాదు. ఆ కుతూహలాన్ని ఒక్క అడుగు ముందుకు నడిపితే, ఎర వేసి వశపరచుకున్న మృగాలకంటె, జబ్బుపడ్డ కుక్కపిల్ల ప్రక్కన రాత్రుళ్లు మేలుకొన్న ఆ పేరులేని మనుషులే మానవచరిత్రను మలుపు తిప్పారని అతనికి బోధపడుతుంది.